సవారి గుర్రములకు లాడములు లేకుండ గిట్టల సంరక్షణ

బండి ఎద్దులకు లాడములు కొట్టించుట మన రైతులకు తరతరములుగా తెలిసిన పని. గుర్రమునకును అట్లే లాడము తప్పదని చాలమంది తలంతురు. లాడము లేని గుర్రము కుంటునని, ఇనుము తగిలించినగాని సవారికి పనికిరాదని ఒక నమ్మకము నాటుకొనిపోయినది. ఈ నమ్మకములో నిజమెంత? లాడములు లేకుండ గుర్రమును సవారికి, బరువునకు వాడుకొనవచ్చునా? వాడుకొనదలచినచో ఏ జాగ్రత్తలు తీసుకొనవలెను? ఈ విషయములను ఇక్కడ వివరింతుము.

మన దేశములో గుర్రముల సంఖ్య తగ్గిపోవుచున్నది. 2019 సంవత్సరపు పశుగణనలో గుర్రములు, తట్టువలు కలిపి సుమారు 3 లక్షల 40 వేలు మాత్రమే తేలినవి. అంతకు ముందు 2012 గణనతో పోల్చిన ఇది దాదాపు సగమునకు తగ్గినట్లే. అయినను గుర్రముపై బ్రతుకు ఆధారపడినవారు ఇంకను ఉన్నారు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, చింతపల్లి ప్రాంతపు కొండ గ్రామములలో గిరిజన రైతులు సంతకు సరకులు తీసికొనిపోవుటకు, బాట సరిగాలేని కొండలు ఎక్కుటకు గుర్రములనే నమ్ముకొని యున్నారు. పట్టణములలో పెండ్లి ఊరేగింపులకు గుర్రములను అద్దెకిచ్చి జీవించువారు కలరు. ఇట్టివారికి గుర్రము ఒక నెల కుంటిన ఆ నెల రాబడి పోవును. కాలు పూర్తిగా చెడినచో పెట్టుబడియే పోవును. కాబట్టి గిట్టను గురించి తెలిసికొనుట వేడుకకు కాదు, బ్రతుకు తెరువునకు.

గుర్రముల సంఖ్య తగ్గినకొలది లాడములు కొట్టు పనివారును తగ్గిపోయిరి. లాడము కొట్టుట ఎంత ముఖ్యమో, ఆరు ఎనిమిది వారములకు ఒకసారి దానిని ఊడదీసి, పెరిగిన గిట్టను చెక్కి, మరల కొట్టుట అంత ముఖ్యము. పనివాడు దొరకక మూడు నాలుగు నెలలు ఒకే లాడముతో నడచు గుర్రములు అనేకము. అట్టి లాడము మేలు చేయదు. గిట్ట ముందునకు పెరిగి, మడమ క్రుంగి, నరములపై ఒత్తిడి పడి కాలు చెడును. లాడము మంచిదా చెడ్డదా అను ప్రశ్నను మన గ్రామములలో ఈ స్థితిని దృష్టియందుంచుకొని ఆలోచింపవలెను.

గిట్ట నిర్మాణము

ఎద్దు గిట్ట రెండుగా చీలియుండును. గుర్రమునకు ఒకే గిట్ట. మనిషి చేతి నడిమివ్రేలి గోరు ఎట్టిదో గుర్రపు గిట్ట అట్టిది. పైకి కనబడు గట్టి గోడలో రక్తము లేదు, స్పర్శ లేదు. అందువలననే మేకు సరియైన చోట దిగిన గుర్రమునకు నొప్పి కలుగదు. కాని గోడకు లోపల ప్రాణమున్న భాగమున్నది.

గిట్టను ఎత్తి అడుగుభాగమును చూచినచో నాలుగు భాగములు కనబడును. అంచున చుట్టును గట్టి గోడ. దానికి లోపలివైపున సన్నని తెల్లని గీత. గీతకు లోపల పుటాకారముగా లోనికి వంగిన అరికాలు. వెనుకనుండి ముందునకు మొన తేలియుండు ముక్కోణపు మెత్త. ఈ మెత్త రబ్బరువలె సాగును, అణగును. దానిపైన, గిట్ట లోపల మరియొక మెత్తని దిండు ఉన్నది. గిట్ట లోపల ముందుభాగములో చిన్న ఎముక ఒకటి యుండును. ఈ ఎముకను గోడకు వ్రేలాడగట్టినట్లు పట్టియుంచునవి సన్నని పొరలు. పుస్తకపు పుటలవలె పేర్చబడిన ఈ పొరలు ఒక్కొక్క గిట్టలో 550 మొదలు 600 వరకు ఉండును. గుర్రపు బరువంతయు ఈ పొరల మీదనే నిలిచియుండును. బరువులో నూటికి 60 పాళ్ళు ముందుకాళ్ళే మోయును.

గుర్రము అడుగు వేసినప్పుడు గిట్ట మడమవైపు కొంచెము వెడల్పగును. ముక్కోణపు మెత్త నేలకు తగిలి అణగును. అడుగు ఎత్తగానే గిట్ట మరల ముడుచుకొనును. ఈ వెడల్పు, ముడుపుల వలన రెండు లాభములు కలుగును. నేల తాకిడి మెత్తబడి ఎముకలకు, కీళ్ళకు దెబ్బ తగ్గును. గిట్టలోని రక్తము పైకి ప్రసరించుటకు సాయమగును. నడక తగ్గిన గుర్రమునకు గిట్టలు చెడుటకు ఇది ఒక కారణము.

గిట్ట గోడ నెలకు సుమారు 6 మొదలు 10 మిల్లీమీటర్లు పెరుగును. వెంట్రుకల అంచువద్ద పుట్టిన గోడ ముందువైపు నేలకు దిగుటకు 9 నెలలు మొదలు ఏడాది పట్టును. మడమవద్ద గోడ పొట్టిది గనుక అక్కడ ఐదారు నెలలు చాలును. చెడిన గిట్ట బాగుపడుటకు ఏడాది ఓపిక కావలెననుటకు కారణమిదియే.

లాడము ఎట్లు వచ్చినది

మనుష్యుడు గుర్రమును మచ్చిక చేసిన తరువాత వేలాది సంవత్సరములు మేకులు కొట్టు లాడము లేదు. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకు సేనాని జెనొఫన్ గుర్రపుస్వారిని గురించి వ్రాసినప్పుడు లాడముల ప్రసక్తి లేదు. గిట్టలు గట్టిపడుటకు శాల బయట నాలుగైదు బండ్ల గుండ్రాళ్ళు పోసి, గుర్రమును వానిపై నిలుపుమని ఆయన చెప్పెను. చేతిలో పట్టునంత రాళ్ళు కావలెనని కూడ వివరించెను. రోమనులు అవసరమైనప్పుడు తోలుపట్టీలతో కట్టు ఇనుప తొడుగులు వాడిరి. మేకులతో కొట్టు లాడములకు ఐరోపాలో క్రీ.శ. 9, 10 శతాబ్దులనుండి స్పష్టమైన ఆధారములు దొరకుచున్నవి. 12వ శతాబ్ది నాటికి అవి సామాన్యమైనవి. తడినేలలు, రాతి బాటలు, శాలలో కట్టివేసి మేపుట, బరువైన కవచముతో రౌతు, ఇవియన్నియు కలిసిన చోట గిట్ట అరుగుదల పెరుగుదలను మించెను. అప్పుడు ఇనుము అవసరమైనది.

లాడములను గురించిన సందేహము కూడ క్రొత్తది కాదు. ఇంగ్లండులో బ్రేసీ క్లార్క్ అను పశువైద్యుడు ఒక ఆడ గుర్రమునకు లాడములు కొట్టించి, కొన్ని సంవత్సరముల పాటు దాని గిట్టకు అచ్చులు పోసి చూచెను. గిట్ట క్రమముగా సన్నబడెనని తన గ్రంథములో చూపెను. ఒక్క గుర్రమును బట్టి తీర్పు చెప్పుట సరికాదు. అయినను గట్టి ఇనుము మడమ వెడల్పును అడ్డగించునన్న ఆలోచనకు ఇది మొదలైనది.

ఇటీవలి కాలములో అమెరికాలో లాడములు కొట్టు వృత్తిలోనున్న జెయిమీ జాక్సన్ 1982 నుండి 1986 వరకు అక్కడి గ్రేట్ బేసిన్ అను ఎడారి ప్రాంతములో స్వేచ్ఛగా తిరుగు గుర్రముల గిట్టలను పరిశీలించెను. రాతినేలపై రోజంతయు నడచు ఆ గుర్రముల గిట్టలు పొట్టిగా, గుండ్రని అంచుతో, గట్టిగా ఉన్నవని ఆయన తెలిపెను. ఈ పరిశీలననుండి లాడములు లేని పోషణకు ఒక పద్ధతి ఏర్పడినది. దీనికి మరియొక ప్రక్కను గూడ చెప్పవలెను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు అక్కడి అడవి గుర్రముల గిట్టలను పరీక్షింపగా వానిలో కూడ అనేక లోపములు, లోపలి పొరల జబ్బు కనబడినవి. స్వేచ్ఛగా తిరిగినంత మాత్రమున ప్రతి గిట్టయు మంచిది కాదు.

మంగోలియా మైదానములలో పశువుల కాపరులు సాధారణముగా లాడములు కొట్టకుండనే గుర్రములను సవారికి వాడుచున్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో అడ్డుగోడలు దూకు పందెమున స్వీడన్ జట్టు స్వర్ణపతకము గెలిచినది. ఆ జట్టులోని మూడు గుర్రములలో ఆల్ ఇన్, కింగ్ ఎడ్వర్డ్ అను రెండును లాడములు లేనివే. కాబట్టి లాడము లేని గుర్రము గట్టి పని చేయజాలదనుట సరికాదు. అయితే అవి మెత్తని ఇసుక నేలపై, నిపుణుల నిత్య పర్యవేక్షణలో పనిచేసిన గుర్రములని మరువరాదు.

లాడము వలన మేలు, కీడు

లాడము గిట్ట అరుగుదలను ఆపును. రాతిబాటలో, తారురోడ్డుపై రోజు ఎక్కువదూరము నడచు గుర్రమునకు ఇది గొప్ప మేలు. పగిలిన గోడను కలిపి పట్టుకొనుటకు, కొన్ని జబ్బులలో మడమకు ఆధారమిచ్చుటకు వైద్యుడు ప్రత్యేకమైన లాడమును చెప్పవచ్చును.

కీడు కూడ కలదు. మేకులు కొట్టినచోట గోడకు రంధ్రములు పడును. మరల మరల కొట్టిన గోడ పెళుసెక్కి రాలును. మేకు దారి తప్పి లోపలి ప్రాణభాగమును గ్రుచ్చినచో చీము పట్టును. ఇనుము నునుపైన తారురోడ్డుపై జారును. ముక్కోణపు మెత్త నేలకు తగలక, పనిలేక ఎండి సన్నబడవచ్చును. సగము ఊడిన లాడముపై గుర్రము కాలువేసిన మేకులు అరికాలిలో దిగును. మరియొక గుర్రమును తన్నినచో ఇనుపకాలి దెబ్బ ఎముకను విరుగగొట్టును.

మంచి పనివాడు దొరకి, పని అడిగినచోట లాడము ఉపయోగకరము. పనివాడు లేనిచోట, పని మితముగా ఉన్నచోట లాడము లేకుండుటయే క్షేమము.

ఏ గుర్రమునకు తీయవచ్చును? దేనికి తీయరాదు?

మట్టిబాటలలో, పొలములలో, అడవిదారులలో తిరుగు గుర్రము; రోజు కొంతసేపైనను స్వేచ్ఛగా మేయు గుర్రము; గిట్ట గోడ మందముగా, పగుళ్ళు లేకుండనున్న గుర్రము; వీనికి లాడములు తీసి చూడవచ్చును. ఇంతవరకు లాడము ఎరుగని పిల్ల గుర్రములకు అసలు కొట్టకుండుటయే మంచిది. మడమలోని మెత్తని దిండు నాలుగైదేండ్ల వయస్సు వరకు పెరుగుచు గట్టిపడుచుండును. ఆ వయస్సులో వట్టి గిట్టలతో బాగుగా నడచిన గుర్రమునకు జీవితాంతము బలమైన మడమ ఏర్పడును.

రోజంతయు తారురోడ్డుపై లేక కంకర రోడ్డుపై బరువుతో నడచు గుర్రము, అరికాలు పలుచనైన గుర్రము, లోపలి పొరల జబ్బుతో బాధపడుచున్న గుర్రము, వైద్యుడు చికిత్సకై లాడము వేయించిన గుర్రము, వీనికి స్వంత ఆలోచనతో లాడములు తీయరాదు. అరికాలు పలుచనో కాదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. గిట్టను ఎత్తి, శుభ్రపరచి, ముక్కోణపు మెత్త మొనకు ముందు అరికాలిని రెండు బొటనవ్రేళ్ళతో గట్టిగా నొక్కవలెను. లోనికి దిగినట్లు తోచినను, గుర్రము కాలు లాగుకొనినను అరికాలు పలుచనైనదని గ్రహింపవలెను.

లాడములు తీయు పద్ధతి

లాడములు తీసిన మరునాడే గుర్రమునెక్కి కంకర బాటలో తోలుట చాలమంది చేయు తప్పు. రెండు రోజులలో గుర్రము కుంటును. వెంటనే లాడము లేనిదే కాదని నిర్ణయింతురు. ఇన్నేండ్లు చెప్పులు తొడుగుకొని తిరిగిన మనిషిని ఒక్కసారిగా ముండ్లదారిలో నడువుమన్న ఏమగునో ఆలోచింపుడు. గిట్టకును అలవాటుపడు కాలము కావలెను.

1. కాలము: సరకుల మోత తక్కువగా ఉండు నెలలు ఎన్నుకొనవలెను. నడి వానకాలమున మొదలుపెట్టరాదు. అప్పుడు గిట్ట నాని మెత్తబడియుండును, బురద క్రింద రాళ్ళు కనబడవు.

2. మందు: గుర్రమునకు ధనుర్వాతము త్వరగా పట్టును. గిట్టలోని చిన్న గాయము చాలును. లాడములు తీయుటకు ముందే పశువైద్యునిచే ధనుర్వాతపు టీకా వేయింపవలెను. పూర్వము వేయించియున్నచో గడువు దాటినదేమో అడుగవలెను.

3. తీయుట: మడచిన మేకు కొనలను మొదట ఆకురాయితో అరగదీసి, ఒక్కొక్క మేకునే లాగవలెను. లాడమును పట్టుకొని ఒక్కపెట్టున పెరికినచో గోడ ముక్కలుగా ఊడివచ్చును. మొదట ముందుకాళ్ళు లేక వెనుకకాళ్ళు మాత్రమే తీయుట కొందరి పద్ధతి. వెనుకకాళ్ళపై బరువు తక్కువ కనుక వానితో మొదలుపెట్టుట సులభము.

4. మొదటి రెండు వారములు: మెత్తని నేలపై వదలివేయవలెను. సవారి కూడదు. రోజుకు రెండుసార్లు పావుగంట చొప్పున పట్టుకొని గట్టి మట్టినేలపై నడిపింపవలెను.

5. మూడవ వారమునుండి: గుర్రము మడమ మొదట ఆన్చుచు ధైర్యముగా నడచుచున్న, రౌతు ఎక్కి నిదానపు నడక నడిపింపవచ్చును. దూరమును వారమునకు కొంచెముగా పెంచవలెను. ముందు మట్టిబాట, పిమ్మట ఇసుకబాట, చివరకు కంకరబాట.

6. పూర్తి మార్పు: బలమైన గిట్టలకు మూడు నాలుగు నెలలు, బలహీనమైన వానికి తొమ్మిది నెలలు మొదలు ఏడాది. అంతవరకు రాతిబాట తప్పనిసరియైనచో పట్టీలతో తొడుగు రబ్బరు బూట్లు వాడవచ్చును. అవి పట్టణములలోను, ఆర్డరు ద్వారాను దొరకును. కొలత సరిపోనిదానిని తొడిగిన పుండు పడును.

గిట్టలు చెక్కుట

లాడము లేదు కనుక పని తగ్గినదనుకొనుట పొరపాటు. లాడము లేని గుర్రమునకు నాలుగు మొదలు ఆరు వారములకు ఒకసారి గిట్టలు చెక్కవలెను. చాల అరుగు గుర్రమునకు ఆకురాయితో అంచు సరిచేసిన చాలును.

గిట్టను కడిగి ఆరబెట్టి, వంకరకత్తితో పొడిగా రాలు అరికాలి పొట్టును మాత్రమే తీయవలెను. ప్రాణమున్న అరికాలిని చెక్కరాదు. అరికాలే గుర్రమునకు చెప్పు. ముక్కోణపు మెత్తను అందము కొరకు కోయరాదు. వ్రేలాడు చీలికలను మాత్రమే తీయవలెను. గోడ అరికాలికంటె రెండు మూడు మిల్లీమీటర్లు మించియుండునట్లు పటకారుతో కోసి, ఆకురాయితో చదును చేయవలెను. తరువాత గోడ బయటి అంచును గుండ్రముగా అరగదీయవలెను. గుండ్రని అంచు పగులదు, రాళ్ళకు తగిలి ముక్కలు కాదు.

రెండు మడమలు సమానమైన ఎత్తున ఉండవలెను. ముందునుండి చూచిన గిట్ట ఒకవైపునకు ఒరగరాదు. ప్రక్కనుండి చూచిన గిట్ట ముందు గోడ, పైనున్న కాలి వాలు ఒకే గీతగా కనబడవలెను. చాలకాలము నిర్లక్ష్యము చేయబడిన గిట్టను ఒక్కసారి సరిచేయ ప్రయత్నింపరాదు. నాలుగు వారములకొకసారి కొద్దికొద్దిగా తీయవలెను. ఎక్కువ తీయుటకన్న తక్కువ తీయుట మేలు. తీసినది తిరిగి అతుకదు.

పెరుగుదల, అరుగుదల లెక్క

గుర్రము ఎంత దూరము నడువగలదో ఊహించి కాక, కొలచి తెలిసికొనవలెను. నెల మొదటి రోజున గిట్ట ముందువైపు వెంట్రుకల అంచునకు ఒక అంగుళము దిగువన ఆకురాయి అంచుతో చిన్న అడ్డగీత గీయవలెను. లోతుగా గీయరాదు. అదే రోజున వెంట్రుకల అంచునుండి గిట్ట కొన వరకు పొడవును టేపుతో కొలచి నోటుపుస్తకములో వ్రాయవలెను. నెల గడచిన పిమ్మట మరల కొలవవలెను.

అడ్డగీత వెంట్రుకల అంచునుండి ఎంత దూరము జరిగినదో అంత పెరుగుదల. ఉదాహరణకు అడ్డగీత 8 మిల్లీమీటర్లు దిగినది, గిట్ట పొడవు మొదటికంటె 3 మిల్లీమీటర్లు తగ్గినది అనుకొందము. గిట్ట పెరిగినది 8, అరిగినది 8 కి 3 కలిపి 11 మిల్లీమీటర్లు. ఇట్లు నాలుగు నెలలు గడచిన పొడవు 12 మిల్లీమీటర్లు తగ్గును. అరికాలు నేలకు తగిలి గుర్రము కుంటుట ఖాయము. ఇట్టి లెక్క తేలిన గుర్రమునకు దూరము తగ్గింపవలెను, లేదా బూట్లు వాడవలెను, లేదా లాడము తిరిగి కొట్టింపవలెను. ఈ మూడింటిలో దేనికైనను చిన్నతనము లేదు. గీత 8 మిల్లీమీటర్లు దిగి, పొడవు 2 మిల్లీమీటర్లు పెరిగిన అరుగుదల 6 మాత్రమే. అప్పుడు మిగులును చెక్కివేయవలెను.

ఈ లెక్క ఒక గుర్రమునకు ఒక నెలలో చేసిన చాలదు. వానకాలమునకు, వేసవికి, బరువు ఎక్కువ మోయు నెలలకు వేరువేరుగా చేయవలెను.

మేత, నేల, వాన

గుర్రపుపిల్లకు గుగ్గిళ్ళు తిన నేర్పవలెనా అని మన సామెత. తిన నేర్పనక్కరలేదు గాని, ఎంత పెట్టవలెనో మనము నేర్చుకొనవలెను. ఉలవలు, జొన్నలు, బియ్యము వంటి గింజలను ఒక్కసారి అధికముగా తినినచో గిట్ట లోపలి పొరలు వాచును. ఇది గుర్రమునకు ప్రాణాంతకము. ముందుకాళ్ళు ముందుకు చాచి, బరువంతయు వెనుకకు వేసి, నడువనని నిలిచిన గుర్రమును చూచినచో ఆలస్యము చేయక వైద్యుని పిలువవలెను. మేతలో ప్రధానమైనది గడ్డియే. ఎండుమేత లెక్కన గుర్రపు బరువులో నూటికి ఒకటిన్నర మొదలు రెండు పాళ్ళు రోజుకు కావలెను. 250 కిలోల తట్టువకు ఇది నాలుగు మొదలు ఐదు కిలోలు. గింజలు ఇవ్వదలచిన కొద్దికొద్దిగా, రెండు మూడు సార్లుగా, క్రమముగా పెంచుచు ఇవ్వవలెను. మారుటకును ఏడెనిమిది రోజులు పట్టవలెను.

గిట్ట నాణ్యతకు రాగి, జింకు వంటి ఖనిజములు, బయోటిన్ అను విటమిన్ సాయపడును. ఆస్ట్రియాలోని లిపిజానర్ గుర్రములకు రోజుకు 20 మిల్లీగ్రాముల బయోటిన్ ఇచ్చి జరిపిన పరిశోధన 1995లో ప్రకటింపబడినది. సుమారు తొమ్మిది నెలలకు గిట్ట గట్టిదనము మెరుగైనది. పెరుగుదల వేగము మాత్రము పెరుగలేదు. కాబట్టి అది వారములలో పనిచేయు మందు కాదు.

గుర్రము నిలుచు నేల పొడిగా ఉండవలెను. మూత్రము, పేడ తడిలో రాత్రంతయు నిలిచిన గిట్ట మెత్తబడి, ముక్కోణపు మెత్త ప్రక్క గాడులలో కుళ్ళు పట్టును. నల్లని చెమ్మ, దుర్వాసన దీనికి గుర్తు. ప్రతిదినము గిట్ట గాడులను శుభ్రపరచుట, ఎండనిచ్చుట, నేల మార్చుట దీనికి మొదటి చికిత్స. తగ్గనిచో వైద్యుని సలహా పొందవలెను. వానకాలములో శాల ముందు కొంత మేర నీరు ఇంకు గుండ్రాళ్ళు, గులకరాళ్ళు పరచి, పగలు గుర్రమును దానిపై నిలుపుట మంచిది. జెనొఫన్ చెప్పిన పద్ధతియే ఇది.

ప్రతిదినము చూడవలసినవి

1. నాలుగు గిట్టలను ఎత్తి గాడులు శుభ్రపరచుట. గులకరాయి, ముల్లు, మేకు చిక్కినదేమో చూచుట.
2. గిట్టను చేతితో తాకి చూచుట. ఒక గిట్ట మిగిలినవానికంటె వెచ్చగా ఉన్న అనుమానింపవలెను.
3. చీలమండ వెనుక ప్రక్కల వ్రేలు ఆన్చి నాడి చూచుట. ఆరోగ్యముగానున్నప్పుడు నాడి మెల్లగా తగులును. బలముగా కొట్టుచున్న గిట్టలో వాపు లేక చీము ఉన్నదని గుర్తు.
4. గట్టినేలపై నడిపించి అడుగుల చప్పుడు వినుట. ఒక అడుగు చప్పుడు తక్కువైనను, తల పైకి క్రిందికి ఆడినను కుంటు మొదలైనది.

అకస్మాత్తుగా ఒక కాలు మోపలేక కుంటినచో గిట్టలో చీము పట్టియుండవచ్చును. అరికాలిలో మేకు దిగినచో, ముఖ్యముగా ముక్కోణపు మెత్త నడుమ దిగినచో, అది అత్యవసర స్థితి. కత్తితో స్వయముగా కోయరాదు, వైద్యుని వెంటనే పిలువవలెను. గ్రామ సచివాలయపు పశుసంవర్ధక సహాయకునికి తెలిపిన ఆయన పశువైద్యశాలకు కబురుచేయును.

బరువునకు హద్దు

లాడము లేని గిట్టయైనను, ఉన్న గిట్టయైనను బరువు మితిమీరిన చెడును. బండిలాగు, బరువుమోయు పశువులపట్ల క్రూరత్వ నిరోధమునకై 1965లో చేయబడిన నియమముల ప్రకారము తట్టువపై మోపు బరువు 70 కిలోలు మించరాదు. పశువుచే రోజుకు తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండ ఐదు గంటలకు మించి పని చేయింపరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటు చోట పగలు 12 మొదలు 3 గంటల వరకు పని కూడదు. గ్రామాధికారులు సంతరోజులలో ఈ నియమములను చదివి వినిపించుట మంచిది. బెదిరించుటకన్న తెలియజెప్పుట ముఖ్యము. బరువు తగ్గిన గుర్రము ఎక్కువ ఏండ్లు పనిచేయునని లెక్కవేసి చూపిన యజమానులు తప్పక వినెదరు.

ముగింపు

లాడము శత్రువు కాదు, అవసరమైనప్పుడు వాడుకొను పనిముట్టు. గుర్రపు గిట్ట నడక, గడ్డి, పొడినేల, తగిన చెక్కుడు దొరకిన తనను తాను కాపాడుకొనగలదు. ఈ నాలుగింటిలో దేని లోటైనను లాడము కప్పిపెట్టునేగాని తీర్చదు. లాడము లేని గుర్రమును పోషింపదలచినవారు ముందు ఒక గుర్రముతో, మెత్తని నేలపై, తీరికగల నెలలో మొదలుపెట్టి, నెలకొకసారి కొలచి, వ్రాసి చూచుకొనవలెను. కొలత చెప్పినట్లు నడచుకొనిన, కొండబాటలో సరకులు మోయు చిన్న తట్టువయైనను తన నాలుగు గిట్టలపై బలముగా నిలిచి యజమాని కుటుంబమును పోషింపగలదు.